గీత కనిపించని ఉదయం

నేను ఒక గాజు గొట్టాన్ని. జానెడు పొడవు, అరచేతిలో ఇమిడే లావు, అంచున చిన్న పెచ్చు ఊడిన గుర్తు. ఎల్లారం విమాన శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే గది ఉంది చూడండి, అందులోని అద్దాల బీరువా ఇప్పుడు నా ఇల్లు. పక్కన ఎవరెవరో గెలిచిన కప్పులు, షీల్డులు ఉన్నాయి. నేను ఏ పోటీలోనూ గెలవలేదు. కానీ నాలోకి చూసి బతికినవాళ్లున్నారు. నాలోకి చూసి కూడా ఏమీ చూడనివాళ్లూ ఉన్నారు.

ఫిరోజాబాదు కొలిమిలో ఎవరో ఊదితే పుట్టాను. గాజుకు ఊపిరితోపాటే భయం పుడుతుంది. ఎవరి చేతిలోంచి ఎప్పుడు జారిపోతామో తెలియదు కదా. సికింద్రాబాదులో ప్రయోగశాల సామాన్లమ్మే కొట్లో గడ్డి మధ్య రెండేళ్లు పడుకున్నాక, ఫెర్నాండెజ్ అనే పెద్దాయన నన్ను కొని ఎల్లారం తెచ్చాడు. ఆయన అక్కడ విమానాలు బాగుచేసే ఇంజనీరు.

నా పని చెబితే చిన్నదిగా ఉంటుంది. చిన్న విమానాలకు రెక్కల్లోనే పెట్రోలు ట్యాంకులుంటాయి. పొద్దున్నే, విమానం ఎగరకముందు, రెక్క కిందున్న మర నొక్కి కాస్త పెట్రోలు నాలోకి పట్టాలి. విమానం పెట్రోలుకు లేత నీలం రంగు కలుపుతారు. అందులో నీళ్లు చేరితే బరువుకి అడుగుకు దిగుతాయి. పైన నీలం, కింద తెలుపు, రెండింటి మధ్య సన్నని గీత. గీత కనిపిస్తే ఆ నీళ్లు పోయేదాకా వంపాలి. వంపకపోతే ఆ నీళ్లు ఇంజనులోకి వెళ్లి, నేల వదిలిన రెండు మూడు నిమిషాలకు ఇంజను ఆగుతుంది. ఎల్లారంలో నేల వదిలిన రెండు మూడు నిమిషాలకు వచ్చేది రాళ్లగుట్ట.

ఫెర్నాండెజ్ గారికి మోకాళ్లనొప్పులు. రెక్క కింద వంగలేక, విమానాలుంచే హ్యాంగరు ఊడ్చే బాలమణిని పిలిచి నన్ను ఆమె చేతికిచ్చాడు. బాలమణికి అప్పుడు ముప్పయ్యేళ్లు. ఏడో తరగతి దాకా చదివింది. రోజుకూలీ. మొదట్లో నన్ను పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకునేది. పట్టడం వచ్చాక చూడడం నేర్పాడు, చూడడం వచ్చాక ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. కంటితో చూడు, ముక్కుతో చూడు, చేతిమీద పోసుకొని చూడు, మూడూ ఒకే మాట చెప్తేనే నమ్ము అనేవాడు. తొమ్మిదేళ్లు అలా గడిచాయి. ఇంజనులో ఏ గొట్టం ఎక్కడికి పోతుందో, ఏ చప్పుడుకు ఏ జబ్బో, ఆమెకు కంఠతా వచ్చింది. అర్హత ఉందని చెప్పే కాగితం మాత్రం రాలేదు. ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

పెద్దాయన ఉద్యోగ విరమణ చేసి వెళ్లిపోయాడు. కొత్త ఇంజనీరు వారానికి రెండు రోజులే వస్తాడు. మిగతా రోజుల్లో నన్ను పట్టేది బాలమణి, చూసి సంతకం పెట్టేది పైలట్లు. మనుషుల్లో ఇదొక వింత. పట్టిన చేతికి కళ్లు కూడా ఉంటాయని వాళ్లకు తోచదు. నన్ను ఆమె చేతిలోంచి అందుకునేటప్పుడు టీ గ్లాసు అందుకున్నట్టే అందుకునేవాళ్లు. ఒకసారి ఎడమ చక్రంలో గాలి తగ్గిందని ఆమె చెబితే, ఒక కుర్ర పైలట్ నవ్వి, చీపురు సంగతి చూసుకోమన్నాడు. గాలి తగ్గిన మాట నిజమే. అయినా ఆ తర్వాత చాలా రోజులు బాలమణి పెదవి విప్పలేదు. పని పోతుందని భయం. ఆ పనిమీదే ఆమె తల్లి మందులు, ఇంటి కిరాయి నడుస్తున్నాయి.

ఆ ఏడు శ్రావణంలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. హ్యాంగరులో చోటు చాలక ఒక విమానం బయటే తడిసింది. నాలుగో రోజు పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. హంసిని అనే శిక్షణార్థి ఆ రోజు మొదటిసారి దూర ప్రయాణం చేయాలి. పక్కన కూర్చునేది కెప్టెన్ విద్యాసాగర్. భుజాన నాలుగు పట్టీలు, గోడమీద ఆరు సర్టిఫికెట్లు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. మధ్యాహ్నానికి మళ్లీ మబ్బు పడుతుందని కబురొచ్చింది.

బాలమణి రెక్క కింద వంగి నన్ను నింపింది. కెప్టెన్ నన్ను అందుకొని ఆకాశానికి ఎత్తి చూశాడు. గీత లేదు. పై నుంచి కింది దాకా ఒకటే రంగు. క్లీన్ అన్నాడు. నన్ను ఆమెకు తిరిగిచ్చి, పుస్తకంలో సంతకం గీకి, విమానం వైపు నడిచాడు.

నాకు తెలుసు. నాలో ఉన్నదేమిటో నాకు కాక ఎవరికి తెలుస్తుంది? నాలో గీత లేకపోవడానికి కారణం, నాలో పెట్రోలే లేకపోవడం. నిండా నీళ్లే. ఆయన చూసిన నీలం నాది కాదు, నా వెనకనున్న ఆకాశానిది. అరవాలనిపించింది. గాజుకు నోరుంది గాని గొంతు లేదు.

బాలమణి నన్ను తెల్లటి గోడకు ఎదురుగా పట్టింది. రంగు పోయింది. వాసన చూసింది. పెట్రోలు కంపు ఉంది, కానీ ఆ చోటంతా ఉన్న కంపే అది. చేతిమీద నాలుగు చుక్కలు పోసుకుంది. పెట్రోలైతే చల్లగా తగిలి చిటికెలో ఆరిపోవాలి. చుక్కలు కదలకుండా నిలబడ్డాయి.

పరుగెత్తింది. హంసిని అప్పటికే లోపల కూర్చుని పట్టీ బిగించుకుంటోంది. కెప్టెన్ ఒక కాలు మెట్టుమీద పెట్టాడు.

"సార్, ఇది పెట్రోల్ కాదు. మొత్తం నీళ్లే ఉన్నయి."

"నేను చూశాను బాలమణీ. లైన్ లేదు."

"నీళ్లల్ల నీళ్లకు లైన్ యాడికెల్లి వస్తది సార్? పెట్రోల్ ఉంటెనే గద."

ఆయన గడియారం చూసుకున్నాడు. కోపం రాలేదు, విసుగొచ్చింది. కోపంకన్నా అదే ఎక్కువ ప్రమాదం.

"నీకు లైసెన్స్ ఉందా? లేదు కదా. సంతకం చేసింది నేను. పక్కకు జరుగు, ఇంజన్ స్టార్ట్ చేయాలి."

బాలమణి జరగలేదు. జరగకూడదని నిర్ణయించుకుని కాదు, కాళ్లు రాలేదు. నీళ్లు కాకపోతే తనేమవుతుందో, నీళ్లయితే ఆ ఇద్దరూ ఏమవుతారో, రెండు భయాలూ ఒక్కసారే ఆమెను పట్టుకున్నాయి. మళ్లీ అదే మాటంటే మెడపట్టి గెంటిస్తారు. హంసిని కిటికీలోంచి అయోమయంగా చూస్తోంది. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

"ఇది పెట్రోలైతే నేను తాగుతనా సార్?" అంది బాలమణి.

నన్ను పెదవులకు ఎత్తుకుంది. ఆమె పళ్లు నా అంచుకు తగిలి టకటకలాడాయి. పెచ్చు ఊడింది అప్పుడే. కళ్లు మూసుకొని, గుటక తర్వాత గుటక, నాలో ఉన్నదంతా తాగేసింది. తొమ్మిదేళ్లు నేర్చుకున్నది ఒక్కటి తప్పయినా తను తాగుతున్నది విషం. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఖాళీ అయిన నన్ను కెప్టెన్ ముందు తలకిందులుగా పట్టుకొని నిలబడింది.

ముందు దిగింది హంసిని. పట్టీ విప్పుకొని, అడగకుండా, నేలమీద నిలబడింది. కెప్టెన్ నన్ను తీసుకొని, తనే రెక్క కింద మోకాళ్లమీద కూర్చున్నాడు. నింపాడు, తెల్లగోడ వైపు పట్టాడు, పారబోశాడు. మళ్లీ నింపాడు. ఏడోసారికి గాని నాలో పైన నీలం, దాని కింద గీత కనిపించలేదు. ట్యాంకు మూత కింది రబ్బరు పగిలి, మూడు రోజుల వాన లోపలికి దిగింది. గీతను చూశాక ఆయన లేవలేదు. నన్ను ఒళ్లో పెట్టుకొని ఆ తడిలోనే చాలాసేపు కూర్చుండిపోయాడు.

బాలమణికి మధ్యాహ్నానికి వాంతులు పట్టుకున్నాయి. నా గోడలకు అంటుకుని ఉండి నీళ్లతోపాటు లోపలికి పోయిన కాస్త పెట్రోలే ఆమెను రెండు రోజులు ఆస్పత్రిలో పడుకోబెట్టింది. కెప్టెనే తీసుకెళ్లాడు.

భయం అక్కడితో తీరలేదు. జరిగినదంతా కెప్టెన్ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశాడు, తన తప్పుతో సహా. కనుగొన్నవారు అన్నచోట బాలమణి పేరు రాశాడు. లైసెన్సు నంబరు గడి ఖాళీ. ఆ ఖాళీ గడి చూసి పైనుంచి తనిఖీ అధికారి దిగాడు. లైసెన్సు లేని మనిషి విమానాన్ని ఎందుకు ముట్టుకుందని మొదటి ప్రశ్న. బాలమణి తన పని అయిపోయిందనుకుంది. ఇంట్లో తల్లికి కూడా చెప్పి వచ్చింది.

అధికారి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. నీళ్లని ఎలా తెలిసిందని అడిగాడు. గోడ, వాసన, చేయి, మూడూ చెప్పింది. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు, దానికీ చెప్పింది. ప్రశ్నలు గంటన్నర సాగాయి. మధ్యలో ఆయన కలం మూసి కెప్టెన్‌ను పిలిచి, ఈమె చెప్పేది మీరూ వినండి అన్నాడట. చివర్లో ఆమెను గట్టిగానే మందలించాడు, ఆ పెట్రోలులో సీసం ఉంటుంది, ప్రాణం పోయినా మళ్లీ తాగవద్దని. శిక్షణ ఇవ్వకుండా పనిచేయించుకున్నందుకు కేంద్రానికి రాతపూర్వకంగా తాఖీదు ఇచ్చాడు. ఆమెను నాలుగు నెలల ఇంధన తనిఖీ శిక్షణకు పంపమన్నాడు.

వెళ్లింది. తెలిసిన సంగతులకే ఇంగ్లీషు పేర్లు బట్టీపట్టి, ఒకసారి తప్పి, రెండోసారి పాసై వచ్చింది. కాగితం చేతికొచ్చింది, పేరు పక్కన నంబరు వచ్చింది. ఇక ఆమెకు భయం పోయిందని మీరు అనుకోవచ్చు.

మొదటి రోజు సంతకం పెట్టేటప్పుడు ఆమె చేతిని నేను దగ్గరనుంచి చూశాను. కాగితం లేని రోజుల్లో చూడడం ఆమెది, పూచీ ఇంకొకరిది. ఇప్పుడు రెండూ ఆమెవే. కలం పట్టుకొని అలాగే ఉండిపోయింది. కెప్టెన్ విద్యాసాగర్ పక్కనే నిలబడ్డాడు. తొందరపెట్టలేదు.

"ఏమైంది బాలమణి గారూ?"

"బుగులైతుంది సార్."

"నాకూ అవుతుంది," అన్నాడాయన. "రోజూ."

ఆమె సంతకం పెట్టింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆ రోజు విమానం నడిపింది హంసిని, ఒంటరిగా. విమానం రాళ్లగుట్ట దాటి చుక్కై, చుక్క కూడా లేకుండా పోయింది. అందరూ నీడలోకి వెళ్లారు. బాలమణి మాత్రం ఎండలో, నన్ను పిడికిట్లో బిగించి, ఆకాశంవైపు తలెత్తి నిలబడింది. చెమటకు ఆమె చేయి జారుతోంది, నాకు నా భయం. గంటకు చప్పుడు వినిపించింది. చక్రాలు నేలను తాకి, విమానం పరుగు తగ్గించి, ఇంజను ఆగేదాకా ఆమె నన్ను కింద పెట్టలేదు.