నాతో కలిపి ఎంతమంది

ఆ దరఖాస్తు ఫారం మొత్తం పదకొండు పేజీలు. కండక్టరమ్మ దాన్ని వంటింటి బల్ల మీద పరిచి, చెవి వెనకనుంచి పెన్ను తీసి, మొదటి పేజీ దగ్గరే అరగంట కూర్చుంది. పేరూ, పుట్టిన తేదీ రాయడానికి అరగంట ఎందుకని ఎవరైనా అడగొచ్చు. చిక్కంతా ఆ పుట్టిన తేదీలోనే ఉంది. హైవే ట్రాఫిక్ ఆఫీసరు ఉద్యోగానికి నలభై నిండినవాళ్లు పనికిరారు. ఆవిడకి నలభై నిండడానికి రెండు నెలల పదకొండు రోజులు మిగిలాయి. ఈసారి తప్పితే ఇక మళ్లీ సారి అన్నది లేదు.

పదమూడేళ్లుగా ఆవిడది ఒకటే రూటు, ఒకటే బస్సు. ఆ బస్సులో ఏ కిటికీ సగమే మూసుకుంటుందో, ఏ సీటు కింద మేకు లేచి ఉందో ఆవిడకి చీకట్లో కూడా తెలుసు. అలాంటి మనిషిని పట్టుకుని, వచ్చే ఏడాదినుంచి టికెట్లు మిషనే ఇస్తుంది, కండక్టర్లందరూ డిపోలో కుర్చీల్లో హాయిగా కూర్చోవచ్చు అని కంపెనీ వాళ్లు శుభవార్తలాగా చెప్పారు. వినగానే ఆవిడకి ఒళ్లు మండిపోయింది. కూర్చోవడం చేతనైతే పదమూడేళ్లు నిలబడి ఎందుకు బతుకుతుంది? రోడ్డు మీద తిరగని ఉద్యోగం ఆవిడ దృష్టిలో అసలు ఉద్యోగమే కాదు.

ఆవిడ బస్సు రోజూ హైవే మీద కొంతదూరం పోయేది. అక్కడ పసుపురంగు బండి ఒకటి కనిపించేది. అందులో తిరిగే హైవే ట్రాఫిక్ ఆఫీసర్లు పోలీసులు కారు, జరిమానాలు రాయరు. ఆగిపోయిన కార్ల వెనక నారింజరంగు కోన్లు పెట్టడం, రోడ్డు మీద పడ్డ టైరు ముక్కలు తీసెయ్యడం, బెంబేలుపడ్డ జనాన్ని రెయిలింగ్ అవతలికి పంపి కుదుటపరచడం వాళ్ల పని. ఆ బండిని చూసిన ప్రతిసారీ ఆవిడ మెడ అటు తిరిగిపోయేది. చిల్లర కోసం చెయ్యి చాపుకుని కూర్చున్నవాళ్లు ఒకటికి రెండుసార్లు పిలవాల్సి వచ్చేది.

ఫారం నింపడం పూర్తయ్యాక అత్తగారు అందుకుంది. ఆవిడ నలభై ఏళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. రిటైరై ఎన్నేళ్లయినా చేతికందిన ఏ కాగితాన్నీ తప్పు పట్టకుండా వదిలి ఎరగదు. కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని పదకొండు పేజీలూ చదివింది. ఏడో పేజీ దగ్గర ఆగింది.

“ఇంట్లో ఎంతమంది అన్న చోట నలుగురు అని రాశావు. ఎవరెవరు?” అని అడిగింది.

కండక్టరమ్మ వేళ్లు మడిచింది. మీరు, మీ అబ్బాయి, పిల్లలిద్దరూ.

“మరి నువ్వు ఏ బస్సెక్కి పోయావే?”

అప్పటిదాకా మూల కూర్చుని, రిపేరుకొచ్చిన ఎవరిదో మిక్సీ విప్పుతున్న కండక్టరమ్మ భర్త పకపకా నవ్వాడు. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. కండక్టరమ్మ కూడా నవ్వేసి, అది అలవాటులో పొరపాటని సర్దిచెప్పింది. బస్సులో తలలు లెక్కపెట్టేటప్పుడు కండక్టర్ని లెక్కలోకి తీసుకోరు. అంకె కొట్టేసి, ఐదు అని రాసి, పక్కన సంతకం పెట్టింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆ కొట్టివేత వంక కాసేపు చూసి ఫారం మడిచి ఇచ్చింది.

రాతపరీక్ష గట్టెక్కింది. కంటిపరీక్షా, పరుగూ కూడా అయిపోయాయి. మిగిలింది అసలు పరీక్ష. నకిలీ రోడ్డు మీద నకిలీగా ఆగిపోయిన కారు ఉంటుంది, అందులో నకిలీ కుటుంబం ఉంటుంది. వాళ్లని దింపాలి, రెయిలింగ్ దాటించాలి, కోన్లు పెట్టాలి, వాకీటాకీలో కబురు చెప్పాలి. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. వచ్చే బండ్లకి ఎప్పుడూ వీపు చూపించకూడదు.

దాంతో మూడు వారాలపాటు ఇల్లు ఇల్లులా లేదు. వరండాలో ప్లాస్టిక్ చెంబులు బోర్లించి కోన్లన్నారు. పిల్లలు ఏడుస్తున్న ప్రయాణికులయ్యారు. భర్త లారీ అయ్యాడు. వంటింట్లోంచి హారన్ కొట్టుకుంటూ వచ్చి రెండు చెంబుల్ని నిజంగానే తొక్కి విరగ్గొట్టాడు. అత్తగారు కుర్చీలో కూర్చుని, కారు దిగనుగాక దిగనని మొండికేసే ముసలావిడ వేషం కట్టింది. ఆ వేషానికి ఆవిడ పెద్దగా కష్టపడాల్సిన పనిలేకపోయిందని భర్త చాటుగా అన్నాడు. కండక్టరమ్మ ఇంట్లో కూడా ఏ గుమ్మానికీ వీపు చూపించకుండా పక్కకి పక్కకి నడవడం మొదలుపెట్టింది. పాలు పోసే ఆవిడ అది చూసి, నడుం పట్టేసిందా అని జాలిపడింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. పదిమంది అభ్యర్థుల్లో ఆవిడ వంతు ఆఖరు. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. అందరి కడుపుల్లోనూ ఎలుకలు పరుగెడుతున్నాయి. పసుపు బండిని నడిపేది నెరిసిన మీసాల శిక్షకుడు. వెనక సీట్లో మార్కుల కాగితం ఒళ్లో పెట్టుకుని పరీక్షాధికారిణి కూర్చుంది. పొద్దుటినుంచి ఆవిడ మొహంలో నవ్వన్నది ఎవరూ చూడలేదు. ఆగిపోయిన కారులో నకిలీ భర్తగా ఆఫీసు స్టోర్‌కీపరు, నకిలీ భార్యగా టైపిస్టు ఉన్నారు. పొద్దుటినుంచి తొమ్మిదిసార్లు పోట్లాడుకుని ఇద్దరికీ గొంతు బొంగురుపోయింది.

కండక్టరమ్మ బండి దిగింది. ఆ తరువాత ఆవిడకి భయమన్నది గుర్తులేదు. ఆగిన బండీ, కసురుకునే మగమనిషీ, కంగారుపడే ఆడమనిషీ ఆవిడకి కొత్తా? స్టోర్‌కీపరు నకిలీ కోపంతో ఎగిరెగిరి పడుతుంటే, ఆవిడ టికెట్ అడిగినంత మామూలుగా, ముందు మీరు దిగండి, తరువాత నన్ను తిడుదురుగాని అంది. అతను దిగాడు. ఇద్దరినీ రెయిలింగ్ దాటించింది. రోడ్డుకేసి చూస్తూనే వెనక్కి నడిచి, ఏటవాలుగా ఆరు కోన్లు పెట్టింది. వాకీటాకీలో కబురు చెప్పింది. ఇక బండెక్కి బయలుదేరమనడం ఒక్కటే మిగిలింది.

బండి వెనక నిలబడి రోడ్డు చూసింది. ఖాళీగా ఉంది. బండిలో ఇద్దరు, రెయిలింగ్ వెనక ఇద్దరు. నలుగురూ సరిపోయారు. అంతే, ఆవిడ కుడిచెయ్యి తనంతట తాను లేచి బండి ఒంటి మీద దబదబా రెండు దెబ్బలు వేసింది. నోరు “రైట్ రైట్” అంది. ఎడమచెయ్యి ఫుట్‌బోర్డు కమ్మీ కోసం చాచుకుంది. పసుపు బండికి ఫుట్‌బోర్డూ లేదు, కమ్మీ లేదు. చేతికి గాలి దొరికింది. బండి వెళ్లిపోయింది.

బండితోపాటు పరీక్షాధికారిణీ, మార్కుల కాగితమూ వెళ్లిపోయాయి. కండక్టరమ్మ చాచిన చెయ్యి అలాగే ఉంచి నోరు వెళ్లబెట్టింది. ఆ నకిలీ రోడ్డు మూడు కిలోమీటర్ల చుట్టు. నిజం హైవేలాగే వెనక్కి తిప్పడం నిషేధం. బండి చుట్టంతా తిరిగి రావాల్సిందే. కొంప మునిగింది, డిపోలో కుర్చీ ఖాయం అనుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడు స్టోర్‌కీపరుకి నిజంగా కోపమొచ్చింది. అతని భోజనం డబ్బా ఆ బండిలోనే ఉంది. పరీక్ష అయిపోయింది కాబట్టి అడ్డంగా రోడ్డు దాటితే ఎదురుగానే ఆఫీసు అంటూ, ఒక కాలెత్తి రెయిలింగ్ మీద వేశాడు.

“అయ్యా, కాలు వెనక్కి,” అంది కండక్టరమ్మ. గొంతు పెంచలేదు. క్రిక్కిరిసిన బస్సులో వెనక డోరునుంచి ముందు డోరుదాకా వినిపించే గొంతు అది.

తను ప్రయాణికుణ్ణి కాదనీ, స్టోర్‌కీపర్ననీ అతను గుర్తుచేశాడు.

“నా కోన్ల పక్కన ఉన్నంతసేపూ మీరు నా మనిషే. ఆకలి ఐదు నిమిషాలు ఓర్చుకుంటుంది. నీడలోకి జరిగి కూర్చోండి.”

పదేళ్లుగా ఆ ఆఫీసులో ఎవరి మాటా వినని మనిషి, కాలు దింపి, జరిగి, టైపిస్టు పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. ఇంకో నిమిషానికి మలుపులోంచి రెండో పసుపు బండి రివ్వున దూసుకొచ్చింది. అందులో వేరే జట్టులో ఎవరికో డ్రైవింగ్ పరీక్ష జరుగుతోంది. ఆ అభ్యర్థి స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే, ముందు మనిషున్నా మానున్నా ఒకటే అన్నట్టుంది. బండి కోన్ల పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. స్టోర్‌కీపరు ఆ దుమ్ముకేసి చూసి మళ్లీ భోజనం ఊసెత్తలేదు.

కండక్టరమ్మకి ఏడుపొచ్చినా వీపు మాత్రం తిప్పలేదు. వచ్చే బండ్లకేసి చూస్తూ నిలబడే ఏడ్చింది.

మొదటి బండి చుట్టు తిరిగి వచ్చేసరికి ఆవిడ అలాగే నిలబడి ఉంది. శిక్షకుడు దిగి, తప్పంతా తనదే అన్నట్టు తల గోక్కున్నాడు. ఈ ఉద్యోగానికి ముందు అతను ఇరవై రెండేళ్లు బస్సు నడిపాడట. “ఆ రెండు దెబ్బలూ వింటే నా కాలు నా మాట వినదమ్మా,” అన్నాడు. వెనకనుంచి మేడమ్ ఆపమని అరుస్తున్నా, స్టాపులో తప్ప ఆపకూడదనే అనిపించిందట.

పరీక్షాధికారిణి నెమ్మదిగా దిగింది. కోన్లు చూసింది. నీడలో చేతులు కట్టుకుని కూర్చున్న స్టోర్‌కీపర్ని ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. ఎక్కకుండా బండిని ఎందుకు పంపించారని అడిగింది.

అబద్ధం ఆడాలంటే ఆడొచ్చు. మెకానిక్కో, సిగ్నలో అని ఏదో ఒకటి అల్లొచ్చు. ఆవిడకి తోచలేదు. “అందరూ ఉన్నారా లేదా అని లెక్కపెట్టుకున్నాను మేడమ్. నలుగురూ ఉన్నారు. నన్ను లెక్కపెట్టుకోవడం మరిచిపోయాను.”

అధికారిణి పెన్నుకి మూత పెట్టింది. తరువాత మార్కుల కాగితం తిరగేసి చూపించింది. మొత్తం యాభై అంశాలు. ఆఖరుది బండి ఎక్కుట. దానికి రెండు మార్కులు.

“ఆ రెండూ పోయాయి. రెండే పోయాయి,” అంది. మిగిలిన తొమ్మిదిమందీ పరీక్ష అయిపోయిందనుకున్న మరుక్షణం రోడ్డుకి వీపు తిప్పేశారని చెప్పింది. కాగితం మడుస్తూ గొంతు తగ్గించి ఇంకో మాట అంది. “కానీ ఇది రెండు మార్కుల సంగతి కాదమ్మా. రోడ్డు మీద మిమ్మల్ని మీరు మరిచిపోతే, మీ వెనక నిలబడ్డవాళ్లకి ఇంక ఎవరున్నారు?”

కండక్టరమ్మ ఇంటికి వచ్చి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఫుట్‌బోర్డు కోసం గాలిని పట్టుకున్న చోట పిల్లలు నేల మీద పడి దొర్లారు. భర్త మళ్లీ మళ్లీ అడిగి ఆ ముక్క చెప్పించుకున్నాడు. ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. “ఆ మాట నేను ఏడో పేజీ దగ్గరే అనాల్సింది,” అంది అత్తగారు. ఆ రోజు ఆవిడే లేచి అందరికీ వడ్డించింది. కోడలి కంచం మొదట పెట్టింది.

ఉత్తరం నెల్లాళ్లకి వచ్చింది. కవరు చూడగానే అది మంచి వార్తో చెడ్డ వార్తో చెప్పగలనని అత్తగారు ఎప్పుడూ కోతలు కోస్తుండేది. ఈసారి మాత్రం కవరు వంక చూడనైనా చూడకుండా అడ్డదిడ్డంగా చించేసింది. ఉద్యోగం వచ్చింది. నలభై నిండడానికి ఇంకా పన్నెండు రోజులు మిగిలి ఉన్నాయి. కండక్టరమ్మ వంటింటి బల్ల పట్టుకుని నిలబడిపోయింది. సంతోషంతో ఆవిడకి మాట రాలేదు. పదమూడేళ్లలో ఆవిడకి మాట రాకపోవడం అదే మొదలని భర్త వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

శిక్షణ ముగిసి మొదటి డ్యూటీ రోజు, బండిలో పక్క సీటు ఆవిడది. స్టీరింగు దగ్గర కూర్చున్నది ఎవరో కాదు, నెరిసిన మీసాల శిక్షకుడే. కొత్తవాళ్లతో మొదటి వారం అతనే తిరుగుతాడు. అతను బండి స్టార్టు చేశాడుగానీ కదిలించలేదు. ఏమైనా మరిచిపోయారేమోనన్నట్టు ఆవిడకేసి చూశాడు.

ఆవిడ తలుపు వేసుకుంది. బెల్టు పెట్టుకుంది. వెనక అద్దంలో రోడ్డు చూసింది. బండి వెనక పేర్చిన కోన్లు లెక్కపెట్టింది. తరువాత అతనికేసి వేలు చూపించి ఒకటి అంది. ఆ వేలే తిప్పి తన గుండె మీద పెట్టుకుని రెండు అంది.

“నాతో కలిపి ఇద్దరం,” అని, కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి, తలుపు మీద దబదబా రెండు దెబ్బలు వేసింది.