గుడ్లు పెట్టే నత్త

కోడలు కన్ను నలుపుకుని మళ్లీ చూసింది. మైక్రోస్కోపు కింద, కోసి పెట్టిన శనగగింజంత నత్త కడుపులోంచి పిల్లలు బయటికొస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఇసుక పోసినట్టు! ఒక్కోదానికీ బుల్లి గుల్ల. కొన్ని కదులుతున్నాయి కూడా.

అక్కడ గుడ్లు ఉండాలి. పిల్లలు ఉండకూడదు.

సముద్రం పక్క రాతి ఒడ్డున కనిపించే ఈ నత్తల్లో రెండు రకాలున్నాయి. పైకి అచ్చం ఒకేలా ఉంటాయి, మహా టక్కరివి. ఒకటి పిల్లల్ని కంటుంది, అది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. రెండోది గుడ్లు పెడుతుంది, అది అరుదు. తేడా తెలియాలంటే ఆడనత్త కడుపు కోయాల్సిందే. ఈ బండల మీద ఉన్నది అరుదైనదేనని అత్తగారు కోర్టులో చెప్పబట్టే, వాటి మీద కాంక్రీటు పోసి గోడ కడతామన్నవాళ్లు ఆగారు. కడుపులో ఏముందో బొమ్మ గీసి రేపటికల్లా ఇమ్మన్నాడు జడ్జి. కోడలు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది, బొమ్మ గీసిందంటే అచ్చు గుద్దినట్టే. ఆ పని ఆమె నెత్తిన పడింది.

"అత్తయ్యా, మీరు వీటిని ఎప్పుడైనా కోసి చూశారా?"

పక్క బల్ల దగ్గర గుల్లలు తుడుస్తున్న అత్తగారు తలెత్తలేదు. "ప్రాణమున్నదాని మీద కత్తి పెట్టాలంటే నాకు చేతులాడవమ్మా. ఖాళీ గుల్లలు ఏరుకొచ్చేదాన్ని. మూతి వంపు చూస్తే చాలు, ఇట్టే చెప్పేస్తాను."

కోడలు చేతిలో కత్తి పక్కన పెట్టింది. నత్తల విషయంలో ఈవిడ మాటకు తిరుగులేదని అందరూ అంటారే! ఒక్కదాన్నయినా కోసి చూడకుండానే కోర్టుకెక్కిందా!

"ఒకసారి ఇలా వచ్చి చూడండి."

అత్తగారు కళ్లద్దాలు తీసి, వంగి చూసింది. చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇంకోటి కోశావా?"

"మూడు కోశాను. మూడూ ఇంతే. లాయరుగారికి ఫోన్ చేసి చెప్పేద్దాం అత్తయ్యా."

"చెబితే? బండలు పోతాయి. వాటి మీద బతికేవన్నీ పోతాయి."

కోడలు ఏదో అనబోయేలోపే ఆవిడ మైక్రోస్కోపు కింది గాజు పళ్లెం తీసుకుని సింకు దగ్గరికి నడిచి కుళాయి తిప్పింది. కాలి కింద చీమ పడితేనే విలవిల్లాడే మనిషి, పిల్లలన్నీ కొట్టుకుపోయేదాకా పళ్లెం నీళ్ల కింద పట్టుకుని నిలబడింది.

"గుడ్ల బొమ్మ పుస్తకంలో ఉంది," అంది వెనక్కి తిరక్కుండా. "చూసి గీసెయ్."

గొంతు కాస్తయినా వణకలేదు.