ముల్లు ముట్టుకున్నదెవరు

అరిగింది, అనుమానం లేదు, అరగకూడని చోటే అరిగింది, అదే కదా పొద్దుటి నుంచి ఆమెను కుదురుగా కూర్చోనివ్వనిది, కంటికి బిగించిన భూతద్దంలోంచి మళ్ళీ చూసింది, గడియారం ముఖం మధ్యలో, కీ తగిలించి ముళ్ళను జరపడానికి పైకి పొడుచుకొచ్చిన నలుపలకల మొన, దాని అంచులు చప్పరించిన పిప్పరమెంటు బిళ్ళలా నున్నబడిపోయాయి, ఓడ గడియారానికి ఈ జబ్బు రాకూడదు, ఓడలో రోజూ ఒకే వేళకు కీ ఇస్తారు, ముళ్ళ జోలికి మాత్రం పోరు, ఈ సంగతి ఆమెకు మొదట చెప్పింది పుస్తకాలు కాదు, ఓడల్లో పనిచేసిన మేనమామ, చిన్నప్పుడు ఆయన బల్ల మీది గడియారం వెనకబడిందని తను సరిచేయబోతే చేతి మీద ఒక్కటిచ్చి, తప్పు చూపిస్తే చూపించనీవే, రోజుకెంత తప్పుతుందో తెలిస్తే చాలు, నడిసముద్రంలో ఎక్కడున్నామో లెక్క కట్టుకుంటాం, నువ్వు బాగుచేశావంటే ఇక దాని మాట నమ్మేదెవరు అన్నాడు, పక్క గదిలోంచి అత్తయ్య, మిమ్మల్నీ అందుకే బాగుచేయకుండా వదిలేశాను అంది, మామయ్య నవ్వలేదు, గడియారం మాత్రం టిక్కుమంది.

ఇదీ టిక్కుమంటోంది, ఇత్తడి వలయాల మధ్య ఊయలలో పసిపిల్లలా, పెట్టెను ఎటు వంచినా తన ముఖం ఆకాశానికే, మూత మీద రాజముద్ర, ముద్రదేముంది, చేయి తిరిగిన కంసాలి ఎవడైనా చెక్కిపెడతాడు, కేటలాగ్‌లో మాత్రం రాజుగారు తన ఓడలో సముద్రాలు చుట్టివచ్చినప్పుడు వెంట ఉన్నది అని అచ్చేశారు, కింద పరిశీలించినవారు అంటూ ఆమె పేరు, అచ్చుకు వెళ్ళేటప్పుడు తను చూసింది ముద్రనూ లోపలి చక్రాలనూ, ఈ మొనను కాదు, పక్క హాల్లో వేలం సాగుతోంది, సుత్తి పట్టిన పెద్దాయన కంఠం, ఒకటోసారి, రెండోసారి, సుత్తి దెబ్బ, ఇందాక విరామంలో లోపలికి తల పెట్టి, ఏమ్మా, దీన్ని వేలంలో ఉంచమంటావా తీయమంటావా, ఇంకో రెండు వస్తువులయ్యాక దీని వంతే, తీస్తే కారణం అందరి ముందూ చెప్పాలి, అది మన వేలంశాల పద్ధతి, నీకు తెలుసుగా అని వెళ్ళిపోయాడు, తెలుసు, అనుమానాస్పదం అని పైకే చదువుతాడు, చదివితే దీన్ని అమ్మకానికి తెచ్చి ముందు వరసలో కూర్చున్న ఆ పెద్దమనిషి ఏమైపోతాడు, ఆఫీసులో అందరూ ఆయన్ని రాజావారు అంటారు, సగం గౌరవం, సగం వేళాకోళం, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చిన రాజావారు, కోట ఇప్పుడు భూముల రిజిస్ట్రేషన్ కచేరీ అట, తాత సింహాసనం ఉన్న చోట నేనే టోకెన్ పట్టుకుని నిలబడ్డానండీ అని నవ్వుతూ చెప్పాడు, ఆ వంశం నిజమేననడానికి మిగిలింది ఈ పెట్టె ఒక్కటే, కాదంటే ఇంతమంది ముందు ఆయన కోతలరాయుడు, అవునన్నాక రేపు తప్పని తేలితే తన కంటికి ఇక విలువ లేదు, ముందు నుయ్యి వెనక గొయ్యి, మధ్యలో నున్నబడ్డ ఓ ముక్క.

భయం కన్నా ముందు ఆరాటం, అసలెవరు, రోజూ ఎవరు తిప్పారు, అంచులు ఒక పక్కే అరిగితే ఒక వైపే తిప్పినట్టు, ఇవి రెండు పక్కలా సమంగా అరిగాయి, ముందుకీ వెనక్కీ, ఏళ్ళ తరబడి, ఇళ్ళలో గడియారంతో ఆడుకోవడం కొత్తేమీ కాదు, నాన్నను తొందరపెట్టడానికి అమ్మ పది నిమిషాలు ముందుకు జరిపింది, ఆ పదీ తీసేసుకుని నాన్న నింపాదిగా గడ్డం గీసుకునేవాడు, కానీ అది ఒక్కసారి జరిపి వదిలేసిన మోసం, రోజూ రెండు వైపులా తిప్పడమంటే పనిగట్టుకుని ఎవరినో నియమించాలి, నియమించడం, ఆ మాట దగ్గర బుర్ర చటుక్కున ఆగింది, భూతద్దం ఊడదీసి హాలు పక్క నడవలోకి నడిచింది, రాజావారిని సైగ చేసి పిలిచింది, ఆయన చేతిరుమాలు మడుస్తూ వచ్చాడు, ఏమ్మా, ఏమన్నా లోపమా, లోపమని కాదండీ, ఇది మీ ఇంట్లో ఎక్కడ ఉండేది, ఓడలో కదమ్మా, ఓడ దిగాక, ఆయన గోడ వైపు చూశాడు, దిగడమేమిటి తల్లీ, అసలు ఎక్కితేగా, ముత్తాతగారికి పడవ చూస్తేనే కడుపులో తిప్పేదట, ఓడ కట్టించారు, రేవులోనే ఉంచారు, నలుగురిలో చెప్పుకునేది కాదని నేనే ఆ సముద్రాల కథ, పోనీలెండి, గడియారం సంగతి చెప్పండి, దర్బారు గుమ్మం దగ్గర బల్ల మీద ఉండేదట, దాన్ని చూసుకోవడానికి ఒక ఉద్యోగి కూడానట, ఒకటి మాత్రం నిజమమ్మా, మా ముత్తాతగారు ఒక్కనాడు కూడా దర్బారుకు ఆలస్యంగా రాలేదు, సాయంత్రం వేళ మించి ఎవరినీ కూర్చోబెట్టలేదు, ఆ మాట మా వంశంలో గొప్పగా చెప్పుకుంటారు.

ఆమెకు నవ్వు పొంగుకొచ్చింది, బుగ్గలు బిగబట్టింది, ఒక్కనాడు కూడానా, ఎలా వస్తాడు ఆలస్యంగా, ఆయన ఎండెక్కాక లేచి గుమ్మంలోకి వచ్చేసరికి ఆ ఉద్యోగి కీ తగిలించి ముళ్ళను వెనక్కి తిప్పేవాడు, సాయంత్రం ఆయనకు ఆవలింత రాగానే ముందుకు తిప్పేవాడు, లోకంలోకెల్లా నమ్మకమైన గడియారాన్ని తెచ్చుకుని రోజూ రెండుసార్లు దానితో అబద్ధమాడించారు, రాజావారు కంగారుగా, తీసేస్తారా అమ్మా అంటున్నాడు, లోపల ఒకటోసారి, రెండోసారి, సుత్తి దెబ్బ, పెద్దాయన ఆమె వైపు తిరిగి కనుబొమలెగరేశాడు, ఆమె నిటారుగా నిలబడి, సముద్రాల మాట కొట్టేయండి, రాజుగారిదన్న మాట ఉంచండి, దానికి పూచీ నాది అంది, ఆ మాట తన గొంతులో అంత నిలకడగా ఎలా వచ్చిందో ఆలోచిస్తే జవాబు ఆ అరిగిన అంచుల్లోనే ఉంది, నావికుడు ముల్లు ముట్టుకోడు, మామూలు మనిషి ముట్టుకున్నా గడియారానికి భయపడే ముట్టుకుంటాడు, తను ఆలస్యమైతే తప్పు పొద్దుదేననుకుని, దాన్ని దిద్దడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకునేవాడు రాజు ఒక్కడే.