బాకీ మూడో పేజీలో ఉంది

చదవకుండా సంతకం పెట్టడమే హైమావతి చేసిన తప్పు. ఒకటి రెండుసార్లు పొరపాటున చేసింది కాదు, మూడేళ్లపాటు చేసింది. మామగారు జోగారావు టైపు చేసి ఇచ్చిన ప్రతి ఉత్తరం కిందా గబుక్కున గీకేసేది. పెద్దాయన రాసింది కోడలు వరస వరసా చదివితే తప్పులు వెతుకుతున్నట్టుంటుందని మొహమాటం. ఇప్పుడా మొహమాటానికి సనత్‌నగర్‌లోని తమ వర్క్‌షాపు మూల్యంగా పోయేట్టుంది.

ఆఫీసు అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో రెండో అంతస్తు. కింద ఒరాకిల్ నేర్పుతారు, పైన జావా. మెట్లనిండా స్పైరల్ బైండింగు నోట్సు పట్టుకున్న పిల్లలు. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారివ్వరు. వై2కే గండం గడిచి, ఊళ్లకు ఊళ్లు కంప్యూటర్ నేర్చుకోవడానికి ఇక్కడికే వచ్చి పడుతున్న కాలం. ఇంతమందీ కూర్చోవాలి గదా! హైమావతి వర్క్‌షాపులో వాళ్లకు కావలసిన టేబుళ్లు, కుర్చీలు చేస్తారు. భర్త ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో రెండు నెలలు కనిపిస్తాడు. మిగతా పది నెలలూ ఆమే, మామగారే.

జోగారావు పొద్దున తొమ్మిదింటికి గంజిపెట్టిన చొక్కా తొడుక్కుని టైపు మిషను ముందు కూర్చునేవాడు. ఆయన రాసిన ఉత్తరం చదివితే మనుషులకు నిద్రొస్తుంది. విసుగొచ్చి కునికిపాట్లు పడటం కాదు, నిజం నిద్ర. కొందరి చేత్తో తోడేస్తే పెరుగు గట్టిగా పేరుకున్నట్టు, ఆయన చేతి గుణం అది. మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసులో హెడ్ గుమస్తాగా ఉన్నన్నాళ్లూ, అర్జీలు పెట్టుకున్నవాళ్లు ఆయన జవాబు అందుకుని వరండా బల్లల మీదే పడుకునేవారు. అందుకే ఆయనకు ప్రమోషన్లు కూడా త్వరగా వచ్చాయి. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు శాలువాతోపాటు బూరుగుదూది దిండు ఒకటి బహూకరించారు. దాన్ని ఆయన గర్వంగానే ఇంటికి తెచ్చుకున్నాడు.

హైమావతికి మాత్రం నిద్ర లేదు. రెండు నెలలనుంచీ కంటిమీద కునుకు పడలేదు. కూర్చుంటే కాలు ఆడుతుంది, నిలబడితే చేయి దేన్నో సర్దుతుంది. ఆర్డర్లు చూస్తే పుస్తకంలో పట్టనన్ని, డబ్బు చూస్తే పెట్టెలో లేదు.

ఆ సోమవారం వర్క్‌షాపు మేస్త్రీ హనుమాండ్లు ఆఫీసుకే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఫికర్ వద్దు, ఫికర్ వద్దు అని మీరనవట్టి రెండు నెలలాయె మేడమ్. శనివారం జీతాలు రాకుంటె నేను, నా పోరగాండ్లు పోతం. అవతలి ఫ్యాక్టరీ సేటు రోజు పిలుస్తుండు."

"శనివారం ఇస్తాను హనుమాండ్లూ."

"ఏ శనివారమో గది సుత చెప్పుండ్రి."

హనుమాండ్లు పోతే వర్క్‌షాపు లేనట్టే. అతని చేయి పడని టేబుల్ వారానికే ఊగుతుంది. హైమావతి చెప్పులు తొడుక్కుంది. తనకు రావలసినవాటిలో పెద్ద బాకీ పంజాగుట్టలోని ఒక ఇన్‌స్టిట్యూట్‌ది. ఆటో కోసం ఆగే ఓపిక లేక నడిచేసింది.

అక్కడ లెక్కలు చూసే విజయేందర్ టేబుల్ మీద చెంప ఆనించి నిద్రపోతున్నాడు. ఆ టేబుల్ ఆమె వర్క్‌షాపుదే. చెంప కింది కాగితాలు ఆమె ఆఫీసువే.

"మీ లెటర్ వచ్చిన దినం గిట్లనే అయితది మేడమ్. ఫోన్లన్నీ నేనే ఎత్తుకోవాలె," అంది రిసెప్షన్ అమ్మాయి, తన చేతుల్తో కాగితాన్ని తాకకుండా చూపిస్తూ.

హైమావతి ఉత్తరం లాగి మొదటిసారి చూసింది. చదవలేదు, రూపాయల అంకె కోసం వేలుపెట్టి వెతికింది. "తమరు ఇదివరలో మాయందు చూపిన ఆదరాభిమానములను పురస్కరించుకొని" దగ్గర లేదు. రెండో పేజీలో దేశ పారిశ్రామిక ప్రగతి ఉంది, అంకె లేదు. మూడో పేజీ అడుగున, "సావకాశమును బట్టి" అన్న మాటకు ఆనుకుని, సిగ్గుపడుతున్నట్టు ఉంది బాకీ. గడువు మాత్రం ఎక్కడా లేదు.

సీసాలో నీళ్లు విజయేందర్ మొహాన చిలకరించింది. అతను లేచి కాలర్ సర్దుకున్నాడు.

"ఏంటి బాబూ, మా డబ్బు సంగతి?"

"మీ లెటర్ మస్తు మర్యాదగ ఉంటది మేడమ్. కానీ అడిగేది ఏందో తెల్వది. పోయిన నెల పైసలుండె. ఏసీ రిపేరాయన చిట్టీ రాసి పంపిండు, ఇంత ఇయ్యాలె, శుక్రవారం వస్త అని. ఇచ్చేసినం. సీదా అడిగినోళ్లకు ఇచ్చుకుంట పోయినం. మీరు అడగకపాయె!"

మూడేళ్లుగా అడుగుతున్నాననే అనుకుంది హైమావతి. అతని ముందున్న తెల్లకాగితం లాక్కుని నిలబడే రాసింది. "మీకిచ్చిన టేబుళ్లకు, కుర్చీలకు రావలసింది ఇంత. గురువారం సాయంత్రంలోగా చెక్కు ఇవ్వండి. ఇవ్వకపోతే శుక్రవారం పొద్దున బండి పంపి సామాను తీసుకెళ్తాం." కింద సంతకం పెట్టేముందు రెండుసార్లు చదువుకుంది.

విజయేందర్ కూడా చదివాడు. కళ్లు ఇంతింత చేసుకుని, బుధవారమే రమ్మన్నాడు.

తిరిగొచ్చేసరికి జోగారావు ఇంకో ఉత్తరం సంతకానికి పెట్టి ఉంచాడు. ఎర్రగడ్డలో ప్లైవుడ్ డిపో నడిపే ఓదెలుకు. అతనికి వీళ్లే బాకీ.

"నాలుగో పేజీ కూడా పెట్టానమ్మాయ్. ఇంకో నెల అడగడు," అన్నాడాయన గొంతు తగ్గించి.

అంటే పెద్దాయనకు అన్నీ తెలుసు. హైమావతి కలం తీసింది. సంతకం పెడితే, బుధవారం వచ్చే డబ్బులో జీతాలు పోగా మిగిలినదాంతో కొత్త ఆర్డరుకు ఇనుప పైపు కొనొచ్చు. ఓదెలు ఎన్నడూ గొంతు పెంచిన మనిషి కాదు. మంచివాడు, ఓర్పున్నవాడు. కలం కాగితం మీద ఆనింది గానీ కదల్లేదు. విజయేందర్ చెంప మీద పడ్డ టైపు అక్షరాల మరక గుర్తొచ్చింది. ఉత్తరం మడిచి బ్యాగులో వేసుకుని ఎర్రగడ్డ వెళ్లింది.

ఓదెలు డిపోలో ప్లైవుడ్ ఉండవలసిన చోట గోడ కనిపిస్తోంది. కోత మిషను కూడా లేదు. మిగిలిన నాలుగు చెక్కల మీద ఓదెలు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పోయిన నెల ఉత్తరం మళ్లీ తిరగేసినట్టున్నాడు, గుండెల మీద ఉంది. అతని భార్య సత్తెమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది.

"ఒక్కో కాయితానికి మూడొద్దులు పండుకుంటడు. లేసినంక వారం దాక మబ్బుమబ్బు. అడగాలె అనుకునేటాళ్లకు ఇంకోటి వస్తది," అంది సత్తెమ్మ.

"నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదమ్మా ఆయన."

"కోపం రావాలంటె మెలకువుండాలె గద మేడమ్. మిషను అమ్మినప్పుడు సుత ఆవులిచ్చుకుంట సంతకం పెట్టిండు."

హైమావతి మూడేళ్లుగా ఓదెలు మంచితనం అనుకున్నదంతా ఆ మనిషి నిద్ర. ఆమె బ్యాగులోంచి నాలుగు పేజీల ఉత్తరం తీసింది. వెనక్కి తిప్పి ఖాళీ వైపున రాసింది. "మీకు మేం ఇవ్వాల్సింది ఇంత. శనివారం మూడో వంతు ఇస్తాం. మిగతాది వచ్చే రెండు నెలల్లో, నెలకు ఒక వంతు. అంతవరకూ మీ దగ్గర సరుకు అప్పుగా తీసుకోం." ఓదెలును లేపి కూర్చోబెట్టి, పైకి చదివి వినిపించింది.

ఓదెలు చాలాసేపు ఆమెను చూశాడు. తర్వాత ఖాళీ గోడను చూశాడు.

"సత్తీ, మిషనేది?" అన్నాడు.

సత్తెమ్మ విసనకర్ర కింద పెట్టి ఏడ్చింది. హైమావతి అక్కడ నిలబడలేక, పారిపోనూలేక, శనివారం అన్న మాటే ఇంకోసారి చెప్పి వచ్చేసింది.

ఆఫీసుకొచ్చి చెప్పులు విప్పకుండానే అనేసింది. "మామయ్యగారూ, ఇకనుంచీ డబ్బు ఉత్తరాలు నేను రాస్తాను."

"నా భాషలో తప్పులున్నాయా అమ్మా?"

"ఒక్కటి కూడా లేదండీ. మనకివ్వాల్సినవాళ్లూ పడుకున్నారు, మనమివ్వాల్సినవాళ్లూ పడుకున్నారు. అటునుంచి రాక, ఇటునుంచి పోక, మధ్యలో నేనొక్కదాన్ని మేలుకుని కూర్చున్నాను."

జోగారావు మిషను మీద గుడ్డ కప్పి, అంచులు సరిచేసి, ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆఫీసులో టకటకల్లేవు. ఆ చప్పుడు లేకపోయేసరికి హైమావతి కాలు ఇంకా ఎక్కువ ఆడింది.

విజయేందర్ చెక్కు బుధవారమే అందింది. శనివారం హనుమాండ్లు జీతాలు లెక్కపెట్టుకుని, "అవతలి సేటుకు ఫోన్ చేసి రానని చెప్పిన," అన్నాడు. ఓదెలు వచ్చి మూడో వంతు తీసుకున్నాడు. కొంచెం కోపంగానే తీసుకున్నాడు. ఆ కోపం చూస్తే హైమావతికి ప్రాణం లేచొచ్చింది. పెట్టె మాత్రం మళ్లీ ఖాళీ. ఇనుప పైపు కొనడం కుదరలేదు.

సాయంత్రం ఇంట్లో సోఫా అంచున కూర్చుంది. ఎదురుగా జోగారావు పేపరు తిరగేస్తున్నాడు, చదవడం లేదు.

"కళ్లు గుంటలు పడ్డాయమ్మాయ్. పడుకున్నావా అసలు?"

"లేదండీ. మామయ్యగారూ, నాకో ఉత్తరం రాస్తారా?"

"విషయం?"

"విషయమేమీ వద్దు."

పెద్దాయన ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. "విషయం లేకుండా రాయడమే నాకు బాగా వచ్చు," అని లేచాడు.

అరగంటలో కవరు అంటించి మరీ తెచ్చిచ్చాడు. "చిరంజీవి సౌభాగ్యవతి హైమావతిని జోగారావు అనేక దీవెనలు దీవించి వ్రాయునది ఏమనగా, పక్క గదియందు నేను క్షేమము, ఈ గదియందు నీవును క్షేమమని తలచెదను. ఇప్పటి విశేషములేమనగా..." విశేషాలేమిటో హైమావతికి ఇప్పటికీ తెలియదు. ఆదివారం మధ్యాహ్నం లేచేసరికి తల కింద బూరుగుదూది దిండు ఉంది.

అప్పటినుంచి ప్రతి శనివారం కవరొచ్చేది. జోగారావు మళ్లీ గంజిచొక్కా తొడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో ఏదో కుదేలైందని అమీర్‌పేట మెట్లు ఖాళీ అయ్యాయి. రాత్రికి రాత్రి ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు దిగిపోయాయి. వాళ్లకు సరుకిచ్చినవాళ్లు తాళాల ముందు గుమిగూడి తిట్టుకున్నారు. ఆ గుంపులో హైమావతి లేదు. ఆమెకు రావలసింది అప్పటికే వచ్చేసింది.

ఆ మొదటి ఆదివారమే నిద్ర లేచి ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. తనకు ఇవ్వాల్సినవాళ్లందరికీ, తను ఇవ్వాల్సినవాళ్లందరికీ, అంకె మొదటి వాక్యంలో, తేదీ రెండో వాక్యంలో పెట్టి రాసి, రెండుసార్లు చదివి సంతకం పెట్టిన తర్వాతే మామగారి కవరు చించాలని. కొన్ని వారాల్లో సోమవారం దాకా ఆ కవరు బల్లమీద అలాగే ఉండేది. ఆమె దానివైపు చూస్తూ, కాలు ఆడిస్తూ, రాస్తూ కూర్చునేది. ముందుగా మాత్రం ఒక్కసారి కూడా చించలేదు.