కుర్చీలో ఉన్నవాళ్ళదే చుక్క

ఎండుమిరపకాయ నల్లబడకముందే ఇంగువ వెయ్యాలి, లేకపోతే పప్పంతా చేదెక్కిపోతుంది. మైథిలి ఆ పని మీదే ఉంది. వంటగది ఇంట్లోది కాదమ్మా. ఐర్లండులో కెర్రీ వైపు ఓ కొండ నెత్తిన, టెలిస్కోపు గోపురానికి నలభై అడుగుల దూరంలో ఉన్న రేకుల షెడ్డు. డబ్లిన్ నించి నలుగురొచ్చారు. జట్టుకి పెద్ద తోమా, కేరళ మనిషి, ముప్పై ఏళ్ళ కిందటే ఈ దేశమొచ్చి పాతుకుపోయాడు. గిడియన్‌ది మైథిలితో సమానమైన ఉద్యోగం, వయసులో రెండేళ్ళు చిన్న. శ్రీజ ఇంకా చదువుకుంటున్న పిల్ల. నలుగురూ చుక్కలు చూసేవాళ్ళే, గరిట మాత్రం ఒకరి చేతిలోనే ఉంది.

అదెలా వచ్చిందంటే, నాలుగేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు గాలివానకి కింద దారి మూసేశారు. తినడానికేమీ లేక అందరూ మొహాలు చూసుకుంటుంటే, మైథిలి సంచిలోంచి రవ్వ తీసి ఉప్మా చేసి పెట్టింది. ఆ ఒక్కపూట మంచితనమే మెడకి చుట్టుకుంది. అప్పట్నించీ తోమా పంపే జాబితాలో బ్యాటరీలు గిడియన్, దుప్పట్లు శ్రీజ, భోజనాలు మైథిలి. ఎవరూ అడగలేదు, ఆవిడా కాదనలేదు. మనకి కాదనడం ఎవరు నేర్పారు గనక.

ఆవిడ చూడవలసింది ఓ జంట చుక్క. తొమ్మిదేళ్ళకోసారి అందులో ఒకటి రెండోదాని చాటుకి పోతుంది, ఓ వారం పాటు వెలుగు తగ్గుతుంది. ఆ వారం ఇదే. ఎంత తగ్గిందో ఒక్కసారి కొలిస్తే చాలు, నాలుగేళ్ళ కష్టం గట్టెక్కినట్టే. ఈ కొలత తప్పితే మళ్ళీ తొమ్మిదేళ్ళు, అప్పటికి ఆవిడకి యాభై. డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. ఆ చుక్క ఐదింటికి పడమట కనపడి ఎనిమిదయ్యేసరికి సముద్రంలోకి దిగిపోతుంది. సరిగ్గా అన్నాలవేళ.

"చుక్కలెక్కడికీ పోవులేవే, పొయ్యిమీద పాలు పోతాయి" అనేది అత్తగారు సుందరమ్మ. "ఈ మబ్బుల దేశంలో చుక్కలు చూసేందుకు జీతం కూడానా? నీది ఉద్యోగమా, జాగారమా?" అని నలుగురిలో నవ్వించేవాడు మొగుడు అచ్యుత్. ఆ నవ్వే నలుగురికీ టీ కలిపి ఇచ్చేదీ మైథిలే. బయల్దేరే ముందు రెండ్రోజులు నిలబడి ఐదు రోజుల కూరలు చేసి, డబ్బాల మీద వారాల పేర్లు అంటించి వచ్చింది. అయినా డబ్లిన్ శివార్లలో వాళ్ళిల్లున్న బ్లాంచర్డ్స్‌టౌన్ నించి ఫోను ఆగలేదు. "జీలకర్ర ఏ ప్రెస్‌లో పెట్టావ్?" అల్మరాని ప్రెస్ అనడం అచ్యుత్‌కి ఐరిష్ వాళ్ళ దగ్గర అబ్బింది. ఏ తలుపు తీస్తే ఏముంటుందో మాత్రం పన్నెండేళ్ళ కాపురంలో అబ్బలేదు.

మూడు సాయంత్రాలు మబ్బే. ఈ నాలుగో సాయంత్రం తాలింపు చిటపటల మధ్య గరగరమని చప్పుడు వినపడింది. గోపురం తలుపు తెరుచుకునే చప్పుడది. మైథిలి స్టవ్ ఆపి, గరిట చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచి చలిలోకి పరిగెత్తింది. పైన ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది, పడమట ఆవిడ చుక్క. లోపల టెలిస్కోపు ముందు కుర్చీలో గిడియన్.

"గంటసేపు పట్టే ఫోటో మొదలెట్టేశాను" అన్నాడతను. "మధ్యలో ఆపితే ఎవరికీ దక్కదు. నువ్వు వంటలో ఉన్నావుగా, కదిలించడమెందుకని పిలవలేదు."

ఆకాశం ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడు కుర్చీలో ఎవరుంటే వాళ్ళదే వంతు. ఆ రూలు పెట్టింది మైథిలే. మబ్బు చెప్పి రాదు, గంటలు పంచుకుంటే అందరికీ అన్యాయమే, కాచుకున్నవాళ్ళకి దక్కనీ అని ఆవిడే వాదించి ఒప్పించింది. కాచుకోడానికి కాళ్ళు ఖాళీగా ఉండాలన్న ముక్క అప్పుడు తోచలేదు పాపం. గిడియన్ చూసేది ఎక్కడిదో గెలాక్సీ, మనుషులు పుట్టకముందు నించీ అక్కడే ఉంది, వచ్చే నెలా అక్కడే ఉంటుంది. ఆ మాట మింగి, గరిటతోనే షెడ్డుకి తిరిగి నడిచింది. నలభై నిమిషాలకి మళ్ళీ మబ్బు కమ్మేసింది. అతని ఫోటో కూడా సగంలోనే పోయింది.

అందరూ వచ్చి అన్నాలకి కూర్చున్నారు. "పప్పు గ్రాండ్‌గా ఉంది మైథిలీ" అన్నాడు తోమా, రెండోసారి వడ్డించుకుంటూ. ఆవిడ నోటికి మాత్రం చేదుగా తగిలింది. మాడలేదు, ఇంగువ సమయానికే పడింది.

మర్నాడు ఆఖరి రోజు. నాలుగు కొట్టకముందే మైథిలి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. బయట సన్నగా జల్లు. ఐదున్నరకి తోమా తలుపులో తల పెట్టాడు.

"ఈ వానలో ఏం కనపడుతుంది? కుక్కర్ పెట్టావా, ఆకలేస్తోంది."

"పెట్టలేదు. నేను కుర్చీలో ఉన్నాను."

"ఓ, అలాగా. అయితే శ్రీజా, ఇవాళ్టికి నువ్వు..."

"శ్రీజ నా పక్కన కూర్చుంటుంది" అంది మైథిలి. గొంతు పెంచలేదు. ఆ పిల్ల అప్పటికే సగం లేచింది. "కూర్చో అమ్మా."

"అక్కా, పాపం ఆయన..."

"ఆయనకి పీహెచ్‌డీ ఉంది. డబ్బా మూత తియ్యగలడు."

కాసేపటికి మాడిన రొట్టె వాసన వచ్చింది. ఫోను రెండుసార్లు మోగి ఆగింది, మైథిలి తియ్యలేదు. ఆరయింది, ఏడయింది, జల్లు వానైంది. ఎనిమిదింటికి ఆ మబ్బుల వెనకే ఎక్కడో ఆవిడ చుక్క సముద్రంలో దిగిపోయింది. శ్రీజ ముక్కు ఎగబీలుస్తుంటే తన శాలువా తీసి కప్పింది గానీ, తను ఏడవలేదు. నాలుగ్గంటలు ఎవరి కోసమూ లేవకుండా కూర్చోవడం, పురిటి మంచం దిగాక ఇదే మొదటిసారని లెక్క తేలింది.

పొద్దున్నే అచ్యుత్ ఫోను. "రాత్రంతా ఎత్తలేదేం? పాప స్కూలు బట్టలు దొరక్క ఛస్తున్నాం. ఇంతకీ చూశావా నీ చుక్కని?"

"లేదండీ. వాన."

"మరి ఐదు రోజులు ఆ కొండమీద ఏం చేసినట్టు?"

"నాలుగ్రోజులు వంట చేశాను. నిన్న కూర్చున్నాను."

"కూర్చోడానికి అంతదూరం పోవాలా?" అని నవ్వాడు.

"అక్కర్లేదు" అంది మైథిలి. "సాయంత్రం ఏడింటికల్లా ఇంటికొస్తాను. వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంటాను. వడ్డించండి."