పిందె కట్టే పని

గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండ ముదిరేలోగా ముడుచుకుపోతుంది. ఆలోగా మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, దాని పుప్పొడి ఆడపువ్వులో అద్దాలి. లేదంటే పిందె పండుబారి రాలిపోతుంది. మార్కాపురంలో మా మిద్దె మీద మొక్కలు పెట్టిన మొదటి ఏడు ఒక్క తేనెటీగ కూడా రాలేదు. పొయ్యి మీద పాలు పెట్టి, పైకి పరుగెత్తి, ఆ పని కూడా నేనే చేసేదాన్ని. పాలు పొంగితే మా అత్త జ్ఞానమ్మ కింద నుంచి కేకేసేది. "పూలకు పెండ్లి చేస్తాండావా? పొయ్యి కాడ ఎవరుండాల?"

తేనెటీగల కోసమే బంతి, ఆవాలు, సబ్జా వేశాను. కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలాను. సబ్జాను చూసి అత్త, "తులసి మనకెందుకు, పాస్టరయ్య చూస్తే ఏమనుకుంటాడు" అంది. ఆకు నలిపి వాసన చూపించి, అది తులసి కాదని ఒప్పించాను. ట్యాంకరు నీళ్లు మొక్కలకు పోస్తే ఇంట్లో గొడవ. అందుకని బియ్యం కడిగిన నీళ్లూ, కూరలు కడిగిన నీళ్లూ బకెట్లతో మోశాను. తేనెటీగలు వాలి తాగడానికి నీళ్ల పళ్లెంలో పలకరాయి ముక్కలు పరిచాను. కాయలు కాస్తే మా ఆయన తిమోతి, "మిద్దె మీద వాటంతటవే కాసినాయి" అని అందరికీ చెప్పుకున్నాడు.

ఈ ఏడు ఒక పొద్దున మగపువ్వు తుంచబోతూ ఆగిపోయాను. ఆడపువ్వులో అప్పటికే ఒక తేనెటీగ, ఒళ్లంతా పుప్పొడితో పొర్లుతోంది. నేను అడగకుండా, చెప్పకుండా, నా చేతిలో పని ఒకరు అందుకోవడం ఈ ఇంట్లో అదే మొదటిసారి. అక్కడే గోడకానుకుని ఏడ్చేశాను. ఆ తర్వాత పాలు పొంగలేదు.

నిన్న సాయంత్రం బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి తిమోతి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఆయన పురుగుమందుల దుకాణంలో పనిచేస్తాడు. "నేను నీ మొక్కల దిక్కే చూడనని అంటావు గదా. మిరపకు ఆకుముడత తగిలింది. చేలకు కొట్టే మందే తెచ్చి, నువ్వు బడికి పోంగానే కొట్టినా. పూత కూడా బాగా తడిపినా. కాయలు వారం దాకా కోయబాక." ఆయన ముఖంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది.

మిద్దె ఎక్కి చూస్తే పలకరాళ్ల మీద, బంతిపూల కింద, ఎక్కడ చూసినా పడిపోయిన తేనెటీగలే. ఒకటి ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. చీపురు తెచ్చి ఊడ్చాను. ఊడ్చేది కూడా నేనే గదా.

"అన్నీ సచ్చిపోయినాయి" అన్నాను, కిందికొచ్చి తిమోతితో.

"దానికేముంది, మళ్లా నువ్వే అద్దుకో. అలవాటైన పనే గదా."

మంచిమనసుతోనే అన్నాడు. కోప్పడటానికి కూడా నాకేమీ మిగల్చలేదు.

ఈ పొద్దున ఆడపువ్వు విచ్చుకుంది, కింద గోలీకాయంత పిందెతో. పక్కనే మగపువ్వు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏదీ వాలలేదు. ఎండ ముదిరింది. పువ్వు ముడుచుకుపోయింది. కింద నుంచి పాలు మాడిన వాసన వచ్చింది.

"పాలు పొంగిపోతాండాయే ప్రేమా, యాడున్నావు?"

అత్త గొంతు పొయ్యి పక్క నుంచే వస్తోంది. నేను దిగలేదు.