అంగడి నుంచే ఫోను

జీవానందం ఏం చెప్పినా సగం తగ్గించుకుని వినాలని అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల వాళ్లందరికీ తెలుసు. గుంటల నీళ్లు పరీక్ష చేసి, మేతా మందులూ అమ్మే చిన్న అంగడి ఆయనది. ఆ మధ్య ఆయన, "మా అంగడి నా మీద బెంగ పెట్టుకుందబ్బా. తాళం వేసి ఇట్లా వస్తానో లేదో, దానంతటదే నాకు ఫోన్ చేస్తా ఉండాది" అన్నప్పుడు అందరూ నవ్వి మరిచిపోయారు.

అది మాత్రం నిజం.

అంగడిలో పాత ఫోను తీసేసి, నంబరు అదే ఉంచి, ఇంటర్నెట్ ఫోను పెట్టించుకున్నాడు. మధ్యాహ్నం తాళం వేసి గుంటల మీదికి పోతే, అంగడికొచ్చే ఫోన్లన్నీ జేబులోని సెల్లుకు మళ్లేట్టు కేబుల్ ఆఫీసు నడిపే కిషోర్ బాబు ఏర్పాటు చేశాడు. మళ్లడం బాగానే మళ్లాయి. కానీ ఎవరు చేసినా సెల్లు మీద పడేది అంగడి నంబరే. ఎత్తితే గొంతును బట్టి మనిషి తెలుస్తాడు. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే? తిరిగి చేస్తే అది అంగడికి పోయి, అక్కణ్ణించి మళ్లీ ఆయన జేబుకే వచ్చి, బిజీ అనేది. "నాకు నేనే దొరకడంలా" అని దాని మీదా ఒక కత అల్లాడు.

పైకి కతలే. లోపల మాత్రం ఆ ఒక్క రింగు మోగితే చాలు, చేతిలో ఉన్న నీళ్ల సీసా గట్టు మీద పెట్టేసేవాడు.

ఒక్క రింగు ప్రేమలీలది. భార్య. ఎక్కడికి పోయి వచ్చినా అల్లూరు బస్టాండులో దిగి, అంగడికి ఒక్క రింగు ఇచ్చి పెట్టేయడం ఇరవై ఏళ్లుగా ఆమె అలవాటు. దిగాను, వచ్చి తీసుకుపో అని అర్థం. ఈయన మోపెడ్ వేసుకుని పోయేవాడు. దారంతా ఒకరినొకరు దెప్పుకుంటూ ఇల్లు చేరేవాళ్లు.

నాలుగు నెలల కింద చర్చిలో కోతల పండుగ భోజనాల దగ్గర, పదిమందిలో, "మా ప్రేమలీల పాటెత్తితే రొయ్యలు గట్టెక్కి చెవులు మూసుకుంటాయి" అన్నాడు. పాస్టరు గారు కూడా నవ్వారు. ప్రేమలీల నవ్వలేదు. మరునాడే సంచి సర్దుకుని బోగోలులో అక్క రెజీనా ఇంటికి పోయింది. "కోపం దిగినప్పుడు నేనే వస్తా. అంతదాకా ఫోన్ చేసినావంటే చూడు" అంది. వారం తిరక్కుండానే ఈయన సెల్లు గుంటలో పడి, నంబరు మారింది. కొత్త నంబరు ఆమెకు తెలియదు. ఆమె చేస్తే అంగడికే చేయాలి.

కానీ గుంటల వాళ్లదీ అదే అలవాటు. హెబ్రోను ఒక్క రింగు ఇస్తే మేత అయిపోయిందని. నరసయ్య ఇస్తే నీళ్లు చూడను రమ్మని. ఎవరిదో తెలియక మొదట్లో ప్రతి రింగుకూ బస్టాండుకు పరిగెత్తాడు. ఎనిమిదిసార్లు పోయాడు. ఎనిమిదిసార్లూ బెంచీ మీద ఎవరెవరో ఉన్నారు, ఆమె లేదు. తొమ్మిదో రింగుకు మాత్రం పోలేదు. అటు తర్వాత వచ్చినవాటికీ పోలేదు.

చివరికి కిషోర్ బాబు దగ్గరికి పోయి నెత్తి మీద కూర్చున్నాడు.

"చేసినోళ్ల నంబరే నాకు కనపడాల. అయ్యేపనేనా, కాదా?"

"ఎందుకు కాదన్నా? మళ్లించేటప్పుడు మన నంబరు తగిలించి పంపుతా ఉండాది. ఇదిగో, ఈ గడిలో టిక్కు పెడితే వాళ్లది వాళ్లకే ఉంటుంది."

"ఇన్నాళ్లూ ఈ టిక్కు యాడికి పోయింది?"

"నువ్వు అడిగితివా? అంగడికి బెంగ పట్టిందంటివి. నవ్వుకుంటిమి."

జీవానందం కంప్యూటరు తెర వంక చూశాడు. "ముందు వచ్చినవి ఎవరివో తెలుస్తుందా?"

"టైముతో సహా ఉంటాయి."

కిషోర్ బాబు పాత జాబితా కిందికి జరిపాడు. హెబ్రోను, నరసయ్య, మళ్లీ హెబ్రోను. ఆ మధ్యలో ప్రేమలీల. ఒక గురువారం సాయంత్రం. తర్వాతి గురువారం కూడా. ఆ తర్వాత ఎక్కడా లేదు.

ఆ రెండు రోజులూ ఆయన బస్టాండుకు పది నిమిషాల దూరంలో గుంట గట్టు మీద ఉన్నాడు. సెల్లు తీసి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

మోపెడ్ బోగోలులో రెజీనా ఇంటి గేటు ముందు ఆగింది. ప్రేమలీల వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. లేవలేదు.

"నువ్వు చేస్తే అంగడి నంబరు పడింది ప్రేమా. నువ్వని తెలియలా. ఒట్టు."

"ఆ కత ఈడిదాకా వచ్చిందిలే. అంగడికి బెంగంట గదా."

"కత కాదమ్మే."

"నీ నోట్లోంచి వచ్చింది ఏది కత కాదయ్యా? రెండుసార్లు సంచి ఒళ్లో పెట్టుకుని ఆ బెంచీ మీద కూర్చున్నా. చీకటిపడేముందు బస్సెక్కి మళ్లీ ఇక్కడికే వచ్చినా. తెలుసునా నీకు?"

గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. జీవితమంతా కతలు చెప్పిన మనిషికి ఒక్క నిజాన్ని ఎలా నమ్మించాలో తెలియలేదు.

"మొదటి వారం నాలుగూ పన్నెండుకు చేసినావు" అన్నాడు మెల్లగా. "రెండో వారం నాలుగూ ఐదుకు. ఏడు నిమిషాలు ముందే."

ఆమె చేతిలో చేప ఆగింది.

"బస్సు ముందొచ్చింది" అంది. "అంతే."

ఆయన నాలుక చివరికి ఒక ఎగతాళి వచ్చింది. మింగేశాడు. గేటు మూసే ఉంది. ఆమె లోపలికి మాత్రం పోలేదు.